చదువుకొను బిడ్డలు – పరీక్షకు సిద్ధపాటు

యౌవనస్థుల పాఠము. చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, నిర్గమకాండము 16, దానియేలు 1.



కొల్లేటి లంకలలో ఒక గ్రామమునుండి మా సంఘస్థుడొకాయన, చేపల చెరువు మీద కాపలా పని చేసికొని బ్రదుకువాడు, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అందరును వెళ్లువరకు గుమ్మము బయటనే నిలిచియుండెను. లోపలికి రమ్మంటిమి. వచ్చెను గాని కూర్చుండలేదు. "అయ్యగారండీ, మావోడు ఇంటరు తప్పాడండి. ఫిజిక్సూ లెక్కలూ పోయాయండి. చదవలేదా అంటే రాత్రింబగళ్లు చదివాడండి, పుస్తకం ముందునుంచి లేస్తే ఒట్టు. మాకా అక్షరమ్ముక్క రాదు. తప్పెక్కడుందో తమరే చూడాలండి" అనెను. కొంచెము ఆగి, గొంతు తగ్గించి మరియొక మాట చెప్పెను. ఫలితములు వచ్చిన దినమునుండి పిల్లవాడు సరిగా అన్నము ముట్టుట లేదట. "నేనుండి ఏం లాభం" అని తల్లితో అన్నాడట. ఆమె రెండు రాత్రులు వానికి అడ్డముగా గుమ్మములో పండుకొన్నదట.

ఆ రెండవ మాటను గూర్చి తరువాత వ్రాసెదము. మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని ఏండ్ల క్రిందట ఇట్లే ఒక తండ్రి వచ్చి అడిగినప్పుడు, పరీక్షల వారమంతయు బిడ్డచేత ఉపవాసము చేయించుమని చెప్పితిమి. ఆ బిడ్డ మూడవ దినమున పరీక్ష గదిలో కన్నులు తిరిగి బల్లమీద వ్రాలిపోయెను. ప్రార్థన మంచిదే. మేమును చేయుచునే యున్నాము. అయితే చదువు ఎట్లు చదువవలెనో తెలియని బిడ్డకు ఆ దారి చూపక ఉపవాసము చెప్పి పంపుట కాపరి చేయదగిన పని కాదు. దానియేలును అతని స్నేహితులును బబులోను రాజు ఎదుట నిలువబడుటకు ముందు మూడు సంవత్సరములు అక్కడి భాషను, విద్యను నేర్చుకొనిరని మొదటి అధ్యాయమే చెప్పుచున్నది. మనము సింహముల గుహ కథను ఎన్ని మారులు చెప్పుకొందుమో, ఆ మూడేండ్ల చదువును అన్ని మారులు దాటిపోవుదుము.

మరునాడు ఆ పిల్లవానిని పుస్తకములతో రమ్మంటిమి. వచ్చెను. భౌతికశాస్త్రపు పుస్తకము తెరచి చూడగా ప్రతి పుటయు పసుపుపచ్చని గీతలతో నిండియున్నది. గీత లేని వాక్యము వెదకవలసి వచ్చెను. ఎన్ని మారులు చదివితివని అడుగగా, కొన్ని పాఠములు పది మారులు చదివితిననెను. అబద్ధము కాదు, పుస్తకపు అంచులే సాక్ష్యము చెప్పుచున్నవి. అప్పుడు పుస్తకము మూసి, "నాయనా, న్యూటన్ రెండవ నియమమును నీ సొంత మాటలలో చెప్పుము" అంటిమి. వాడు నోరు తెరచి, మూసి, "అయ్యగారండీ, చూస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటదండి. పుస్తకం మూస్తే పోతదండి" అనెను.

ఆ ఒక్క మాటలోనే వాని జబ్బు అంతయు ఉన్నది. మన కొల్లేటిలో తాటి దోనె ఎక్కి ఒక లంకనుండి మరియొక లంకకు పోవువాడు నాచు, కిక్కిస గడ్డి, పక్షులు అన్నియు చూచుచునే పోవును. దారి తనకు తెలిసినదే అనుకొనును. ఒక దినమున గడకఱ్ఱ వాని చేతికిచ్చి ఒంటరిగా పొమ్మన్నయెడల ఏ మలుపు ఎక్కడ తిరుగవలెనో తోచదు. చూచుట వేరు, నడుపుట వేరు. పదియవ మారు చదువునప్పుడు ఆ అక్షరములు కంటికి పరిచయమైన ముఖములవలె కనబడును గనుక వచ్చినదని మనస్సు మోసపోవును. పరీక్ష గదిలోనైతే పుస్తకము ఉండదు, తెల్ల కాగితము మాత్రమే ఉండును. ఆ తెల్ల కాగితముతో ఇంటివద్ద అలవాటు చేసికొననివాడు అక్కడ మొదటిసారి దానిని చూచి భయపడును.

ఇది మా ఊహ కాదు. 2006లో అమెరికా దేశమందలి సెయింట్ లూయిస్ పట్టణములో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికి అను ఇద్దరు పండితులు ఒక పరిశోధన ప్రకటించిరి. విద్యార్థులకు ఒక పాఠ్యభాగమునిచ్చి, ఒక గుంపువారిచేత దానిని నాలుగు విడతలు చదివించిరి. మరియొక గుంపువారిచేత ఒక విడత మాత్రమే చదివించి, తరువాతి మూడు విడతలు చూడకుండ జ్ఞాపకమున్నంతవరకు వ్రాయించిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా, చదివిన గుంపువారికి నూటికి 83 వంతులు, వ్రాసిన గుంపువారికి 71 వంతులు జ్ఞాపకమున్నవి. చదివినవారే గెలిచిరి. అయితే ఒక వారము గడచిన పిమ్మట పరీక్షింపగా, నాలుగు విడతలు చదివినవారికి 40 వంతులే మిగిలినవి. వ్రాసినవారికి 61 వంతులు మిగిలినవి. పరీక్ష అయిదు నిమిషములలో వచ్చునది కాదు గదా! 2013లో డన్‌లాస్కీ మొదలైన పండితులు పది చదువు పద్ధతులను పరిశీలించినప్పుడు, తిరిగి తిరిగి చదువుటయు, గీతలు గీయుటయు తక్కువ ప్రయోజనము గలవనియు, తన్ను తాను పరీక్షించుకొనుటయు, దినములు ఎడమిచ్చి చదువుటయు అన్నిటికంటె మేలైనవనియు తీర్మానించిరి.

కాబట్టి పిల్లవానికి మేము చెప్పిన మొదటి పని ఇది: ఒక భాగము చదువుము, పుస్తకము మూయుము, మూసిన తరువాత చెప్పుము లేదా వ్రాయుము, అప్పుడు తెరచి తప్పినది చూచుకొనుము. ఎవరికి చెప్పవలెనని వాడు అడిగెను. మీ అమ్మకు చెప్పుమంటిమి. "అమ్మకేం తెలుస్తదండి?" అని నవ్వెను. తెలియకపోవుటయే మంచిది. తెలిసినవారికి చెప్పునప్పుడు సగము మాట మింగినను వారు పూరించుకొందురు. తెలియని తల్లికి అర్థమగునట్లు చెప్పవలెనన్న యెడల ముందు తనకు అర్థము కావలెను.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో ఆజ్ఞలను బిడ్డలకు నేర్పు విధము గమనించుడి. ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు వాటిని గూర్చి మాటలాడవలెనని మోషే చెప్పెను. ఒక్కసారి కూర్చుండి అంతయు వల్లించుమనలేదు. మాటలాడుమనెను, దినములో పలు వేళలను పంచెను. ఆ మాటలు ఆజ్ఞలను గూర్చినవే గాని భౌతికశాస్త్రమును గూర్చినవి కావని మాకు తెలియును. అయినను మానవుని మనస్సు నేర్చుకొను రీతి రెంటికిని ఒక్కటియే. మన సండే స్కూలు బిడ్డలు కంఠస్థ వాక్యములు ఎట్లు నిలుపుకొందురో చూడుడి: వారము వారము చెప్పించుకొనుటచేతనే గదా.

ఇక మరచిపోవుట సంగతి. ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థము లేని అక్షరముల కూర్పులను తానే కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత పోవునో కొలిచి 1885లో గ్రంథముగా ప్రకటించెను. ఒక గంట గడచునప్పటికే సగము కంటె ఎక్కువ పోయినది. ఒక దినమునకు మూడింట రెండు వంతులు పోయినవి. ఆ తరువాత మాత్రము మరపు నెమ్మదించినది. ఒక నెల గడచినను అయిదింట ఒక వంతు నిలిచియున్నది. అర్థముతో కూడిన పాఠము ఇంత వేగముగా పోదు గాని దారి అదియే. మరపు మొదటి దినముననే ఎక్కువగా దోచుకొనును గనుక కాలేజీలో విన్న పాఠమును ఆ సాయంకాలమే ఒకసారి మూసి చెప్పుకొనవలెను. రెండు మూడు దినముల తరువాత మరల ఒకసారి, వారము చివర ఒకసారి, నెల చివర ఒకసారి. ప్రతిసారియు పట్టు కాలము తగ్గుచుండును. నాలుగవసారికి పది నిమిషములు చాలును.

చెరువు పని చేయువారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. తౌడు సంచికి చిల్లులు పొడిచి ప్రతి ఉదయము చెరువులో కట్టుదురు. బొచ్చె, శీలావతి వచ్చి తినినంత తినును. నెల మేతనంతయు ఒక్క రాత్రి నీళ్లలో పోసిన చేప బలియునా? నీరు చెడి చేప తేలును. ఇశ్రాయేలీయులకు మన్నా ఏ దినముది ఆ దినముననే కూర్చుకొనవలెనని ఆజ్ఞ యుండెను. మరునాటికి దాచినది పురుగు పట్టెను. డిసెంబరు వరకు ఊరకుండి ఫిబ్రవరిలో దినమునకు పదునారు గంటలు కూర్చుండు బిడ్డ చేయుచున్నది ఆ పనియే. పదునారు గంటలు కూర్చుండెనని తల్లిదండ్రులు పొంగిపోవుదురు. గంటలను లెక్కించుట సులభము గనుక అందరమును గంటలనే లెక్కించుచున్నాము.

కార్డుల పద్ధతి ఒకటి కలదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనునాయన జర్మను భాషలో వ్రాసిన పుస్తకమువలన ఇది ప్రసిద్ధికెక్కెను. చిన్న కార్డుమీద ఒక ప్రక్క ప్రశ్న, వెనుక జవాబు వ్రాయవలెను. పెట్టెలో వరుసగా అరలు చేయవలెను. చెప్పగలిగిన కార్డు వెనుక అరకు పోయి కొన్ని దినముల తరువాత మరల వచ్చును. చెప్పలేకపోయినది మొదటి అరలోనే యుండి మరునాడే వచ్చును. దీనికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. మా పిల్లవాడు పాత పెండ్లి శుభలేఖలను కత్తిరించి, చెప్పుల డబ్బాకు అట్టముక్కలు అడ్డము పెట్టి చేసికొనెను. భౌతికశాస్త్రపు సూత్రములు, రసాయనశాస్త్రపు సమీకరణములు, వృక్షశాస్త్రపు పేర్లు దీనికి తగినవి. లెక్కలకు ఇది అంతగా పనికిరాదు.

లెక్కల విషయములో బిడ్డలు చేయు తప్పు మరియొకటి. గైడులో చేసియున్న లెక్కను పైనుండి క్రిందికి చదివి, అర్థమైనదని పుట త్రిప్పుదురు. ఎవరో ఈదుచుండగా గట్టున కూర్చుండి చూచి ఈత వచ్చెననుట వంటిది. గైడు మూసి, తెల్ల కాగితముమీద మొదటినుండి తానే చేయవలెను. చిక్కుకొనిన చోట పది నిమిషములు పెనుగులాడవలెను. అప్పటికిని రానియెడల ఒక్క పంక్తి మాత్రము చూచి మరల మూయవలెను. ఒకే అధ్యాయపు లెక్కలు ఇరువది వరుసగా చేయుటకంటె, పాత అధ్యాయముల లెక్కలు నాలుగైదు కలిపి చేయుట మేలు. పరీక్షలో ఈ లెక్క ఏ అధ్యాయములోనిదో ఎవరును చెప్పరు గదా.

గ్రామ పాఠశాలలో తెలుగులో చదివి, కాలేజీలో ఇంగ్లీషులో చదువవలసి వచ్చిన బిడ్డల కష్టము ప్రత్యేకమైనది. మా పిల్లవాడును అట్టివాడే. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని, ఇంటరులో చేరగానే మూగవాడైనట్లయ్యెను. అర్థము కానిదానిని అక్షరము అక్షరముగా బట్టీ పట్టెను. ఒక్క మాట తప్పగానే తక్కినదంతయు కూలిపోయెను. వానికి మేము చెప్పినది: విషయమును ముందు తెలుగులో అర్థము చేసికొనుము. త్వరణము, ద్రవ్యవేగము, జడత్వము నీవు ఎరిగినవే. వాటికి ఇంగ్లీషు పేర్లు ప్రక్క ప్రక్కన ఒక పుస్తకములో వ్రాసికొనుము. తరువాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యములలో జవాబు నీవే కట్టుకొనుము. వాక్యము సొగసుగా ఉండనక్కరలేదు. ఇట్లు చేయుటకు మొదటి నెల ఆలస్యమగును, బిడ్డ వెనుకబడినట్లు కనబడును. ఆ నెలలో తల్లిదండ్రులు తొందరపెట్టకూడదు.

పాత ప్రశ్నపత్రములను చివరి వారమునకు దాచియుంచు అలవాటు మంచిది కాదు. పాఠము ముగియగానే దానినుండి గత సంవత్సరములలో ఏమి అడిగిరో చూడవలెను. ప్రశ్నపత్రపు రూపము అప్పుడప్పుడు మారుచుండును గనుక ఆ యేటి నమూనా పత్రమును కాలేజీలో అడిగి తెచ్చుకొనవలెను. పరీక్షలకు ముందు కనీసము మూడు పత్రములనైనను గడియారము ఎదుట పెట్టుకొని, నిజమైన పరీక్షవలె పూర్తి సమయము కూర్చుండి వ్రాయవలెను. తెలిసియు వ్రాయ సమయము చాలక పోగొట్టుకొను మార్కులు ఎన్నియో!

ప్రవేశ పరీక్షలు వ్రాయువారు మరియొకటి తెలిసికొనవలెను. మన రాష్ట్రపు ఈఏపీసెట్‌లో మూడు గంటలలో 160 ప్రశ్నలు. తప్పు జవాబునకు మార్కు తీసివేయరు, కాబట్టి ఏ ప్రశ్నను ఖాళీగా విడువకూడదు. నీట్, జేఈఈ మెయిన్ పరీక్షలలో ఒప్పునకు నాలుగు మార్కులిచ్చి తప్పునకు ఒకటి తీసివేయుదురు. అక్కడ గ్రుడ్డిగా గుర్తుపెట్టుట నష్టము. 2015లో మన తాడేపల్లిగూడెమునకు నిట్ వచ్చినది. దానిలో సగము సీట్లు మన రాష్ట్రపు బిడ్డలకే కేటాయింపబడియున్నవి. ఆ చేరిక జేఈఈ మెయిన్ ద్వారానే. ఆ గోడ ప్రక్కనుండి బస్సులో పోవు మన బిడ్డలలో అది తమకును సంబంధించినదని ఎరిగినవారు ఎందరు? సంఘ పెద్దలు ఈ సంగతి తొమ్మిదవ తరగతినుండియే చెప్పుచుండవలెను.

నిద్రను గూర్చి. మేము కాలేజీలో చదువు దినములలో పరీక్షకు ముందు రాత్రి తెల్లవార్లు మేలుకొని, టీ మీద టీ త్రాగి, ఉదయము గదిలో కూర్చుండగానే నిద్రపోతిమి. మేల్కొనునప్పటికి అరగంట గడచియుండెను. ఆ పేపరు పోయెను; దోషము ఎవరిమీదను వేయుటకు లేదు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు ఇద్దరు విద్యార్థులతో ఒక పరిశోధన జరిపిన ఫలితమును ప్రకటించిరి. నేర్చుకొనిన పిమ్మట నిద్రించినప్పుడు, అన్ని గంటలు మేలుకొనియున్నప్పటికంటె తక్కువ మరచిరి. నేర్చినది నిద్రలో కుదురుకొనునని తరువాతి పండితులును అనేకులు చెప్పిరి. రొయ్యల చెరువుల వద్ద తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తక్కువగును గనుక రాత్రియంతయు ఏరియేటర్లు త్రిప్పుదురు. చెరువునకు గాలి ఎట్టిదో చదువుకొను తలకు నిద్ర అట్టిది. బదరీ వృక్షము క్రింద అలసి చావు కోరుకొనిన ఏలీయాకు దేవదూత ముందుగా ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల పండుకొననిచ్చెను.

సెల్‌ఫోను సంగతి పొడిగించము. చదువు గంటలో అది మరియొక గదిలో, తల్లి కొంగున ఉండవలెను. పాఠములు ఫోనులోనే వినువారు వినుట ముగియగానే అమ్మకు ఇయ్యవలెను.

ఇప్పుడు ఆ తండ్రి గొంతు తగ్గించి చెప్పిన మాట. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటరు ఫలితములు వచ్చిన పిమ్మట కొన్ని దినములలోనే ఇరువదిమందికి పైగా బిడ్డలు తమ ప్రాణములు తీసికొనిరి. 2023 ఏప్రిలులో మన ఆంధ్రప్రదేశ్‌లోను ఫలితముల వెంటనే అట్టి మరణములు జరిగినవి. కాబట్టి "నేనుండి ఏం లాభం" అను మాట బిడ్డ నోటినుండి వచ్చినయెడల దానిని బెదిరింపు అనియు, నటన అనియు తీసివేయకూడదు, అవిశ్వాసమని గద్దింపకూడదు. ప్రక్కన కూర్చుండి, ఏమి తలంచుచున్నావని సూటిగా అడుగవలెను. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. అడిగినవాడు ఉన్నాడని బిడ్డకు ఊరట కలుగును. ఒంటరిగా విడువకూడదు. టెలి మానస్ అను ప్రభుత్వపు సహాయ కేంద్రము 2022నుండి పనిచేయుచున్నది. ఫోను నంబరు 14416. ఏ గంటకైనను ఉచితముగా మాటలాడవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ఈ నంబరును దేవాలయపు గోడమీద వ్రాయించుడి. ఆ తల్లి గుమ్మములో అడ్డముగా పండుకొనుట ఎంతో తెలివిగల పని. ఆమెకు అది ఎవరును నేర్పలేదు.

తండ్రులతో ఒక మాట. "అప్పు చేసి ఫీజు కట్టాను" అని భోజనపు కంచము ముందర బిడ్డతో అనవద్దు. అప్పు సంగతి బిడ్డకు తెలియును. మన పిల్లవాడు చదివిన పదునారు గంటలలో సగము గంటలు ఆ అప్పును గూర్చి తలంచుచునే గడిపితినని మాతో చెప్పెను.

ఒక పరీక్ష తప్పినవాని కథ మన ప్రక్క ఊరినుండియే చెప్పవచ్చును. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో పుట్టెను. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండు మారులు తప్పి మూడవసారి కృతార్థుడయ్యెను. తరువాత మద్రాసులో వైద్యము చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించెను. ఫోలిక్ ఆమ్లము తయారీయు, క్యాన్సరు రోగులకు ఇచ్చు మెథోట్రెక్సేట్ అను మందును అక్కడి పరిశోధనలనుండి వచ్చినవి. గర్భిణీ స్త్రీలకు మన ఆసుపత్రులలో ఇచ్చు మాత్రలలో ఫోలిక్ ఆమ్లము నేటికిని ఉన్నది. తప్పిన ప్రతివాడును సుబ్బారావు కానేరడు. అట్లు చెప్పి బిడ్డమీద మరియొక బరువు మోపవద్దు. మూడవసారి వ్రాయుటకు ఆయనకు ఇల్లు ఒకటి నిలిచియుండెననుట మాత్రము చెప్పుడి. మన బిడ్డలకు అంత కాలము వేచియుండ పనియు లేదు. ఇంటరు తప్పినవారికి ఆ సంవత్సరమే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెట్టుచున్నారు.

ఆడపిల్లలను గూర్చి వ్రాయకపోయిన ఈ పాఠము సగమే అగును. లంక గ్రామములలో త్రాగు నీటి డబ్బా ఎవరు మోయుచున్నారు? అంట్లు ఎవరు తోముచున్నారు? పరీక్షలు వ్రాయు అన్నకు పాలు కాచి ఇచ్చునది, పరీక్షలే వ్రాయుచున్న చెల్లెలు. రాత్రి తొమ్మిది గంటలకు ఆమె పుస్తకము తెరచునప్పటికి కన్నులు మూతపడుచుండును. తరువాత మార్కులు చూచి "దీనికి చదువు ఎక్కదు" అందురు. ఆ రెండు నెలలు నీళ్లు తండ్రి తెచ్చిన యెడల మర్యాద ఏమియు తగ్గదు.

సంఘముగా మనము చేయవలసినదియు కలదు. ఇంటరు పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలలలోనే వచ్చును; లెంటు కూడికలును అప్పుడే. ప్రతి సాయంకాలము గృహకూటము, గృహకూటమునకు మైకు, మైకునకు నాలుగు వీధులు వినబడు గొంతు. ప్రక్క ఇంటిలో బిడ్డ చెవులు మూసికొని చదువుచుండును. ఈ విషయములో మొదటి దోషులము మేమే. రెండేండ్లనుండి మా సంఘములో ఆ నెలలలో మైకు ఆపితిమి. కూటము ఎనిమిది గంటలకు ముగించుచున్నాము. ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకొనిరి. గొంతు తగ్గిన ప్రార్థన దేవునికి వినబడదా అని అడుగగా ఊరకుండిరి.

దేవాలయము ప్రక్క గదిని చదువు గదిగా తెరచితిమి. ఒక గదిలో పొయ్యి, మంచము, టీవీ, అయిదుగురు మనుష్యులు ఉండు ఇండ్లలో బిడ్డ ఎక్కడ కూర్చుండి చదువును? గదిలో ఒక బల్ల, రెండు పంకాలు, కరెంటు పోయినప్పుడు వెలుగు దీపములు రెండు మాత్రమే ఉన్నవి. మొదట ఇద్దరు వచ్చిరి. ఇప్పుడు పదునొకండుగురు వచ్చుచున్నారు. వారిలో నలుగురు మన సంఘమువారు కారు.

మా పిల్లవాడు ఆ సప్లిమెంటరీలో రెండు పేపర్లును గట్టెక్కెను. మార్కులు గొప్పవి కావు. లెక్కలలో ఇంకను తడబడుచుండును. ఇప్పుడు ఏలూరులో బి.యస్సీ చదువుచున్నాడు. ఉదయము ఏలూరు బస్సు ఎక్కి, పుస్తకము సంచిలోనే ఉంచి, క్రిందటి దినపు పాఠమును కన్నులు మూసికొని చెప్పుకొందుననెను. ప్రక్కనున్నవారు నిద్రపోవుచున్నాడనుకొందురట. శనివారము సాయంకాలము చదువు గదికి వచ్చి చిన్నవారి పుస్తకములు మూయించి అడుగును. గీతలు గీచిన పుస్తకము కనబడిన యెడల నవ్వును గాని ఏమియు అనడు.

ఈ నెలనుండి చదువు గది సోమవారము మొదలు శనివారము వరకు సాయంకాలము 6 గంటలనుండి 9 గంటల వరకు తెరచియుండును. ఏ సంఘపు బిడ్డయైనను, ఏ మతపు బిడ్డయైనను రావచ్చును. ఆడపిల్లలను ఇంటికి చేర్చుటకు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొనిరి. తెల్ల కాగితములు గదిలోనే ఉండును. దోమల చుట్ట ఎవరిది వారు తెచ్చుకొనవలెను.